నల్ల మేజోళ్ళు

“ఆరడుగుల మనిషి. నల్లకోటు, నల్లబూట్లు. ఈ గదిలోంచి నడవాలోకి ఒకటే తలుపు. ఆ తలుపు దగ్గర నా కానిస్టేబుల్. అయినా మనిషి లోపల లేడు. దీన్ని కిడ్నాప్ అనక ఏమనాలి మరదలా?”

ఇన్‌స్పెక్టర్ మీసం సవరించుకుంటూ అడిగాడు.

ఆరా రిఫరీల గది గుమ్మంలో నిలబడి చేతిగడియారం చూసుకుంది. ఆరూ ఇరవై. ఏడింటికి మగవాళ్ళ సేబర్ కత్తిసాము ఫైనల్. క్రీడలు మొదలైన దగ్గరనుంచి జనం ఎదురుచూస్తున్నది ఈ పోటీ కోసమే. ఫైనల్ ఆడాల్సిన ఇద్దరూ ఉన్నారు. కత్తులున్నాయి. పైనున్న హాల్లో జనం అప్పుడే చప్పట్లు మొదలుపెట్టేశారు. లేనిదల్లా రిఫరీ ఒక్కడే.

ఆరా ఆమె అసలు పేరు కాదు. చిన్నప్పుడు ఇంటికొచ్చిన ప్రతి చుట్టాన్నీ ఎక్కడినుంచి వచ్చారు, ఎందుకొచ్చారు, సంచిలో ఏముంది అని ఆరా తీసి తీసి ఆ పేరు తెచ్చుకుంది. పెద్దయ్యాక ఆ అలవాటే జీతం కూడా తెచ్చిపెడుతోంది. ఈ క్రీడల నిర్వాహకులు పెట్టుకున్న ప్రైవేటు డిటెక్టివ్ ఆమె. హాలు బందోబస్తు చూస్తున్న ఇన్‌స్పెక్టర్ స్వయానా ఆమె అక్క మొగుడు. పెళ్ళికి ముందు ఆయన అక్కకి రాసిన మొదటి ప్రేమలేఖ ఎవరో స్నేహితుడు చెబుతుంటే రాసుకున్నదని కనిపెట్టి, నలుగురి ముందూ బయటపెట్టింది ఆరాయే. ఇరవై ఏళ్ళయినా బావగారికి ఆ మంట చల్లారలేదు.

“అయినా నాకు తెలీకడుగుతాను,” అన్నాడు బావ. “కత్తి తగిలితే దీపం వెలుగుతుంది. ఎవరి దీపం వెలిగితే వాడికి పాయింటు. మధ్యలో ఈ కోటు మనిషి దేనికి? దండగ!”

“కిటుకంతా అక్కడే ఉందండీ!” అంటూ లోపలికొచ్చాడు ఒకాయన. గుండ్రటి మొహం, నవ్వే కళ్ళు, మెడకి శ్రద్ధగా బిగించిన టై. రిజర్వు రిఫరీ. జేబులోంచి పిప్పరమెంట్ల డబ్బా తీసి ఇద్దరికీ చెరొకటి అందించాడు. “సేబర్‌లో చాలాసార్లు రెండు దీపాలూ ఒక్కసారే వెలుగుతాయి. ఇద్దరూ ఒకరినొకరు కొట్టేసుకుంటారు మరి. అప్పుడు దాడి ముందు ఎవరు మొదలుపెడితే వాళ్ళకే పాయింటు. రెప్పపాటులో అది తేల్చేది దీపం కాదు, రిఫరీ కళ్ళు.”

“అంటే రిఫరీ తలుచుకుంటే ఎవరినైనా గెలిపించొచ్చన్నమాట,” అంది ఆరా.

“తలుచుకోకూడదు కదమ్మా!” అని నవ్వాడాయన. అంతలోనే మొహం దిగులుగా పెట్టాడు. “ఆయనా నేనూ పాతికేళ్ళుగా ఒకే కంచంలో తిన్నవాళ్ళం. ఆయన కూతురు నన్ను బాబాయ్ అనే పిలుస్తుంది. ఎక్కడికి పోయాడో ఏమో! మధ్యాహ్నం భోజనాల దగ్గర చూశాను, అంతే.”

“ఇప్పుడు ఫైనల్ సంగతి?”

“నేనెక్కక తప్పుతుందా? ఏ పొద్దున్నో తెలిస్తే మళ్ళీ చీటీలు తీసి ఇంకెవరినో వేసేవాళ్ళు. ఆఖరి నిమిషంలో అయితే రిజర్వు వాడే ఎక్కాలి, అదీ నియమం.” గోడ అద్దంలో టై ముడి చూసుకుని, “మావాణ్ణి వెతికి పెట్టండమ్మా, పుణ్యముంటుంది,” అని వెళ్ళిపోయాడు.

పాపం మంచివాడు అనుకుంది ఆరా. పిప్పరమెంటు కూడా బాగుంది.

“నువ్వు వెతికేదేమీ లేదు. దొంగ దొరికేశాడు,” అన్నాడు బావ. “ఎడంచేతివాడి కోచ్. సాయంత్రం ఐదింటికి నడవాలో రిఫరీ మీద వాడు అరుస్తుంటే పదిమంది విన్నారు. పట్టుకుని స్టోర్ రూమ్‌లో కూర్చోబెట్టాను.”

ఎడంచేతివాడంటే ఈ సాయంత్రం ఫైనల్ ఆడబోయే ఇద్దరిలో ఒకడు. రెండోవాడు ఉంగరాల జుట్టువాడు. పత్రికలవాళ్ళు వాళ్ళకి పెట్టిన పేర్లే అవి.

“బావా! ఫైనల్‌కి ముందు ఆ కుర్రాడి దగ్గర కోచ్ లేకుండా చేశారా? మీకు మతి ఉండే చేశారా?”

“చట్టం, మరదలా. చట్టానికి ఫైనలూ సెమీఫైనలూ తెలీవు.”

* * *

స్టోర్ రూమ్‌లో మడతకుర్చీల మధ్య ఒక చాప చుట్ట మీద కూర్చుని ఉన్నాడు కోచ్. నున్నటి గుండు, ఎద్దు మెడ. ఆరా లోపలికి రాగానే లేచి నిలబడ్డాడు.

“రిఫరీ మీద ఎందుకు అరిచారు?”

“నేను అరవలేదమ్మా!” అన్నాడు. కుర్చీలు గలగలలాడాయి. “నా గొంతే అంత!”

ఆరా చెవి రుద్దుకుంది. “సరే, మెల్లిగా మాట్లాడిందే చెప్పండి.”

“థాంక్స్ చెబుదామని వెళ్ళాను. మధ్యాహ్నం సెమీఫైనల్‌కి రిఫరీ ఆయనే. పద్నాలుగు–పద్నాలుగు. ఇంకొక్క పాయింటు ఎవరికొస్తే వాడిదే ఆట. ఇద్దరూ దూకారు, రెండు దీపాలూ వెలిగాయి. నా గుండె ఆగిపోయిందనుకోండి. ఆయన మావాడి వైపు చెయ్యి చూపించాడు. న్యాయంగానే! అవతలి కోచ్ కూడా వీడియో చూసి తలూపాడు.”

“తరవాత?”

“ఐదింటికి నడవాలో ఎదురుపడ్డాడు. నవ్వుతూ చెయ్యి చాపాను. పాముని చూసినట్టు వెనక్కి గెంతాడమ్మా! ‘నీతో నాకే సంబంధమూ లేదు! మీవాడి మొహం నాకు చూపించకు!’ అన్నాడు. సంబంధం మాటెవరెత్తారు సార్ అన్నాను. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అలాగే వెళ్ళిపోయాడు.”

“సెమీఫైనల్ అయ్యాక ఆయన ఎలా ఉన్నాడు?”

“బ్రహ్మాండంగా. మావాడి భుజం కూడా తట్టాడు. మూడింటికల్లా హుషారుగా కాఫీ తాగుతూ కనబడ్డాడు.”

ఆరా లెక్క వేసుకుంది. మూడింటికి భుజం తట్టిన మనిషి ఐదింటికి మొహం చూడనంటున్నాడు. మధ్యలో ఎవరో ఏదో చెప్పారు. అదీకాక, కత్తిసాము రిఫరీకి కోచ్‌తో గొడవ వస్తే ‘నాతో మాట్లాడకు’ అంటాడు, ‘బయటికి పో’ అంటాడు. ‘సంబంధం’ అనే మాట నోట్లోకి ఎందుకొచ్చింది? ఆ మాట ఇంట్లో ఈడొచ్చిన పిల్లలున్నవాళ్ళ నోట్లో నలిగే మాట.

“వాణ్ణి వదిలెయ్యమంటావా?” గుమ్మం దగ్గర బావ వెటకారంగా అడిగాడు.

“ముందు గది చూద్దాం పదండి. మీరు చూడకుండా వదిలేసిన గది.”

“నేను చూశాను!”

“చూసి ఉంటారు బావా. మీ చూపుకి ఏమైనా కనబడిందా అని.”

* * *

రిఫరీల గది చిన్నది. ఒక బల్ల, నీళ్ళు కాచుకునే కెటిల్, నాలుగు కుర్చీలు, గోడకి అద్దం, పక్కన కోట్లు తగిలించే కర్ర. ఆ కర్రకి నల్లకోటు వేలాడుతోంది. ఆరా కోటు పక్కకి జరిపింది. దాని వెనక హ్యాంగర్‌కి ప్యాంటు. ఇస్త్రీ మడత మీద మడత పెట్టి, అంగుళం తేడా లేకుండా తగిలించి ఉంది. కింద నల్లబూట్లు, రెండూ జంటగా, ముక్కులు గోడవైపు.

“బావా, ఒక్క మాట. కిడ్నాప్ చేసేవాడు మనిషి ప్యాంటు విప్పి, మడత నలక్కుండా హ్యాంగర్‌కి తగిలించి మరీ ఎత్తుకుపోతాడా?”

బావ మీసం సవరించుకున్నాడు. “శుభ్రత తెలిసిన దొంగ అయ్యుంటాడు.”

“అక్కయ్య ఇరవై ఏళ్ళుగా మొత్తుకుంటున్నా మీకు రాని శుభ్రత దొంగకి వచ్చిందా?”

వెనకనున్న కానిస్టేబుల్ దగ్గు వచ్చినట్టు నటించాడు. బావ అతని వైపు ఒక చూపు విసిరాడు.

ఆరా వంగి బూట్లలో చెయ్యి పెట్టింది. ఖాళీ. మేజోళ్ళు లేవు. మనిషి తనంతట తాను బట్టలు మార్చుకున్నాడు, కానీ మేజోళ్ళు విప్పలేదు. లేచి, కోట్ల కర్ర వెనకనున్న తెల్ల తలుపు నెట్టింది. అది పక్కగదిలోకి తెరుచుకుంది. ఆటకి ముందు కత్తులూ మాస్కులూ పరీక్ష చేసే గది. గోడ పొడుగునా అదనపు తెల్ల దుస్తులు సైజుల వారీగా వేలాడుతున్నాయి. అన్నిటికన్నా పొడుగు సైజు దగ్గర హ్యాంగర్ ఉత్తదే. మాస్కుల అరలో ఒక చోట ఖాళీ. కింద ఆటబూట్లు మాత్రం నిండుగా ఉన్నాయి. ఆరడుగుల మనిషి పాదానికి సరిపడే జత ఆ వరసలో లేనే లేదు.

“ఒకటే తలుపన్నారు?” అంది ఆరా.

“నడవాలోకి ఒకటే అన్నాను. ఇది లోపలి తలుపు. అది లెక్కలోకి రాదు,” అన్నాడు బావ. కానీ ఆ గొంతులో ఇందాకటి పస లేదు.

ఆరా కానిస్టేబుల్ వైపు తిరిగింది. “ఈ పక్కగదిలోంచి ఎవరైనా వచ్చారా బాబూ?”

“ఆటగాళ్ళు వస్తూ పోతూనే ఉన్నారు మేడమ్. తెల్లబట్టలు, చేతిలో కత్తి, చంకలో మాస్కు.”

“అందరికీ మాస్కు చంకలోనేనా?”

అతను బుర్ర గోక్కున్నాడు. “ఒక్కడు మాత్రం మొహానికే తగిలించుకుని వచ్చాడు మేడమ్. పొడుగ్గా ఉన్నాడు. వెళ్తూ వెళ్తూ నాకు నమస్కారం కూడా పెట్టాడు. ఆటగాళ్ళలో ఇంత మర్యాద తెలిసినవాడు ఉన్నాడే అనుకున్నాను.”

“ఆ మాస్కుల్లో ఊపిరాడదు బావా. ఆట లేనప్పుడు ఎవరూ మొహానికి పెట్టుకుని నడవరు. మీరు వెతుకుతున్నది నల్లకోటు మనిషిని. ఆయన పోయింది తెల్లబట్టల్లో.”

బావ మొహం ఎర్రబడింది. “అయితే ఇంకేం! గేట్లన్నీ మూయించాను. తెల్లబట్టలవాళ్ళందర్నీ వరసగా నిలబెట్టి మాస్కులు పీకిస్తాను.”

“టీవీ కెమెరాల ముందా? రేపు పేపర్లో మీ ఫోటో పడుతుంది, కానీ మీరు కోరుకున్నట్టు కాదు. నాకు ఏడింటిదాకా టైమివ్వండి. ఆయన ఈ భవనంలోనే ఉన్నాడు.”

“దొరక్కపోతే?”

“ఈ క్రీడలు అయ్యేదాకా మీ దారికి అడ్డం రాను. దొరికితే కోచ్‌ని వదిలెయ్యాలి. దాంతోపాటు, షుగరుందని అక్కయ్య కట్టడి చేసినా స్టేషన్‌లో మీ సొరుగు నిండా స్వీట్లున్న సంగతి మీరే ఆవిడకి చెప్పుకోవాలి.”

బావ అదిరిపడ్డాడు. “ఆ సంగతి నీకెలా తెలుసు?”

“మీ చొక్కా జేబుకి చక్కెర పాకం అంటుకుంది. ఆ జేబులో చెయ్యి పెట్టినప్పుడల్లా వేలు నాకుతున్నారు. పందెం ఒప్పుకున్నట్టేనా?”

* * *

ఆటగాళ్ళు ఒళ్ళు వేడెక్కించుకునే హాలు నేలమాళిగలో ఉంది. నేలమీద పొడుగాటి పట్టీలు పరిచి ఉన్నాయి. వాటి మీద ఇద్దరేసి చొప్పున సాధన చేస్తున్నారు. కత్తుల చప్పుడు, బూట్ల కీచులాట, మధ్యమధ్య ఒక కేక. ఒక పట్టీ మీద ఎడంచేతివాడు ఎవరితోనో తలపడుతున్నాడు. ఎడమ చేతికి గ్లౌజు, ఎడమ చేతిలో కత్తి, కళ్ళు మాత్రం మాటిమాటికీ తలుపు వైపు. కోచ్ కోసం.

గోడవారగా బెంచీల మీద పది పన్నెండుమంది కూర్చున్నారు. సగం మందికి మొహాన మాస్కులున్నాయి. పిలుపు వస్తే లేవడానికి సిద్ధంగా ఉన్నవాళ్ళు. ఎవరు ఎవరో కన్నతల్లి కూడా గుర్తుపట్టలేదు.

ఆరా తొందరపడలేదు. మంచినీళ్ళ సీసాల బండి తోసుకుంటూ బెంచీల ముందునుంచి నడిచింది. ఒక్కొక్కరికీ సీసా అందించింది. అందరూ తీసుకున్నారు. చివర కూర్చున్న పొడుగాటి మనిషి మాత్రం తల అడ్డంగా ఊపాడు. నీళ్ళు తాగాలంటే మాస్కు తీయాలి కదా.

అతని కాళ్ళు బెంచీ కిందకి ముడుచుకుని ఉన్నాయి. ఆరా అక్కడే గోడకి ఆనుకుని నిలబడి, అతన్ని కాకుండా ఆటని చూడసాగింది. పట్టీ మీద ఇద్దరు ఒక్కసారే దూకారు. కత్తులు ఖణేల్మన్నాయి. ఆ మనిషి ఒళ్ళో ఉన్న ఎడమ చెయ్యి అప్రయత్నంగా ఎడమవైపు చాపుకుంది, తరవాత మోచేతి దగ్గర పైకి మడుచుకుంది. అంతలో ఉలిక్కిపడి ఒళ్ళోకి దిగింది. మళ్ళీ ఒక తాకిడి. ఈసారి కుడి చెయ్యి. ఆ చేతిని ఎడమ చేత్తో పట్టుకుని, తొడల మధ్య ఇరికించుకుని కూర్చున్నాడు పాపం.

ఆరాకి నవ్వు ఆగలేదు. వెళ్ళి పక్కనే కూర్చుంది. పట్టీ మీద మరో తాకిడి కాగానే మామూలుగా అడిగింది.

“ఇప్పుడు పాయింటు ఎవరిది సార్?”

“కుడివైపువాడిది. ఎడమవైపువాడు చెయ్యి ముందుకి చాపకుండానే—” మాస్కులోంచి గంభీరమైన గొంతు అక్కడ ఠక్కున ఆగిపోయింది.

ఆరా కిందకి వంగి చూసింది. తెల్ల ప్యాంటు కింద, బూట్లు లేకుండా, రెండు నల్ల మేజోళ్ళు.

“లేవండి సార్. అటు పక్కగదిలో మాట్లాడుకుందాం. ఇక్కడైతే మీ చేతులు మీ మాట వినేట్టు లేవు.”

* * *

పక్కనున్న మాలిష్ గదిలో మాస్కు తీశాడు పెద్ద రిఫరీ. నెరిసిన జుట్టు చెమటకి నుదుటికి అతుక్కుపోయింది. ఆరా ఇచ్చిన సీసా గటగటా ఖాళీ చేశాడు. వెనకే వచ్చిన బావ ఆయన్ని చూసి, నిట్టూర్చి, వైర్‌లెస్‌లో “ఆ గుండాయన్ని వదిలెయ్యండి, పరుగున ఆటగాడి దగ్గరికి పంపండి,” అన్నాడు. తరవాత ఆరా చెవిలో, “మీ అక్క సంగతి రేపు చూసుకుందాం,” అన్నాడు.

“చెప్పండి సార్. ఎందుకు దాక్కున్నారు?”

“ముప్పై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నాను. ఒక్క తప్పుడు పాయింటు ఇవ్వలేదు.” ఖాళీ సీసా పక్కన పెట్టాడు. “ఇవాళ మధ్యాహ్నం ఇచ్చింది కూడా తప్పు కాదు. కానీ నమ్మేదెవరు? ఆ ఎడంచేతివాడు నా అల్లుడట!”

“అట?”

“నాకూ నాలుగింటికే తెలిసింది. మా అమ్మాయి ఈ క్రీడల్లో దుబాసీగా చేస్తోంది. నెల్లాళ్ళ కిందట వాణ్ణి రిజిస్టరు పెళ్ళి చేసుకుందట. కన్నతండ్రికి ఒక్క మాట చెప్పలేదు. అల్లుడి ఆటకి మామ రిఫరీగా నిలబడటమా! తెలిస్తే సెమీఫైనల్ రద్దు చేస్తారు. ఏ పాపమూ ఎరగని కుర్రాడి బతుకు మట్టిలో కలిసిపోతుంది. కారణం చెప్పి తప్పుకుంటే వాడు పోతాడు. చెప్పకుండా నిలబడితే నా నీతి పోతుంది.”

“కడుపునొప్పి అని పడుకోవచ్చుగా?” అన్నాడు బావ. ఆ విద్యలో ఆయన ఆరితేరినవాడు.

“డాక్టరొస్తాడు. ఎక్కడ నొప్పి అని అడుగుతాడు. నాకు అబద్ధం చెప్పడం రాదండీ,” అన్నాడు పెద్దాయన సిగ్గుపడుతూ. “కనబడకుండా ఉండిపో, మిగతాది నేను చూసుకుంటానన్నాడు మావాడు. తెల్లబట్టల ఉపాయం కూడా వాడిదే.”

“మీవాడంటే?”

“ఇంకెవరు? నా తమ్ముడిలాంటివాడు. రిజర్వు రిఫరీ. ఈ కబురు నాకు చెప్పింది కూడా వాడే. ఇదిగో, ఫోటో కూడా నా ఫోన్‌కి పంపాడు.”

మధ్యాహ్నం భోజనాల దగ్గర చూశాను, అంతే. ఇందాక ఆ రిజర్వు రిఫరీ అన్న మాట అది. ఆరాకి నోట్లో పిప్పరమెంటు రుచి చేదుగా తగిలింది. పెద్దాయన ఫోన్ అందుకుని చూసింది. ఫోటోలో ఒక అమ్మాయి, తెల్ల ప్రాక్టీసు జాకెట్టు వేసుకున్న యువకుడి భుజం మీద గడ్డం ఆనించి, కళ్ళు మూసుకుని నవ్వుతోంది. అతని వీపే కనబడుతోంది. అతని తల ఉన్న మూల ఫోటోలో లేదు. ఎవరో పనిగట్టుకుని కత్తిరించారు. అతని చేతులు రెండూ చెరోవైపునుంచి ఆ అమ్మాయి భుజాలని పట్టుకుని కనబడుతున్నాయి. ఒక చెయ్యి ఉత్తది. ఒక చేతికి గ్లౌజు.

“సార్, కత్తిసాములో గ్లౌజు ఏ చేతికి తొడుక్కుంటారు?”

“కత్తి పట్టుకునే చేతికి. ఒక్క చేతికే. అదేం ప్రశ్నమ్మా?”

“ఎడంచేతివాడైతే?”

“ఎడమ చేతికి.”

“మరి ఇది ఏ చెయ్యి?”

పెద్దాయన ఫోన్ దగ్గరగా పెట్టుకున్నాడు, దూరంగా పెట్టుకున్నాడు. రెప్పపాటులో జరిగే దాడులని పట్టుకునే ఆ కళ్ళు, ఇన్ని గంటలుగా ఆ ఫోటోలో కూతురి మొహం తప్ప ఇంకేమీ చూడలేదు. ఫోటోలోని గ్లౌజు మీద వేలు పెట్టాడు.

“కుడి చెయ్యి...”

“మీరు కోపంలో చూడలేదు. మీవాడు మీకన్నా తక్కువ అనుభవమున్న రిఫరీ ఏమీ కాదు కదా? ఆయన పొరపడటానికి వీల్లేదు. తెలిసే అబద్ధం చెప్పాడు. మీ అమ్మాయికి ఫోన్ చెయ్యండి.”

“నేను మాట్లాడను. దానితో నాకు—”

“సంబంధం లేదంటారు. తెలుసు. చెయ్యండి.”

గోడ మీది టీవీలో బాకాలు మోగాయి. ఫైనల్ ఆటగాళ్ళు పట్టీ మీదకి వచ్చారు. ఎడంచేతివాడి దీపం ఎరుపు, ఉంగరాల జుట్టువాడిది ఆకుపచ్చ. మధ్యలో టై సవరించుకుంటూ రిజర్వు రిఫరీ. చెయ్యి ఎత్తాడు, దించాడు. ఆట మొదలైంది. సేబర్ ఆటంటే కాఫీ చల్లారేలోపు అయిపోయే వ్యవహారం. పదిహేను పాయింట్లు. ఒక్కోదానికి రెండు మూడు క్షణాలు చాలు.

ఫోన్ అటువైపు జనం హోరులోంచి ఆడగొంతు వినబడింది. ఆరా స్పీకర్ నొక్కింది.

“నాన్నా! ఎక్కడున్నావు? రిఫరీగా బాబాయ్ నిలబడ్డాడేంటి?”

“ముందు నువ్వు చెప్పు. నీకు పెళ్ళయిందా?”

ఆ అమ్మాయి జనం హోరుకి దూరంగా నడిచినట్టుంది. తరవాత చిన్న గొంతుతో, “బాబాయ్ చెప్పేశాడా? పోటీలయ్యాక నేనే వచ్చి నీ కాళ్ళ దగ్గర కూర్చుని చెబుదామనుకున్నాను నాన్నా. నువ్వు రిఫరీవి కదా, ముందే చెబితే ఇబ్బంది పడతావని...”

“ఇంతమందిలో నీకు ఆ ఎడంచేతివాడే దొరికాడా?”

“ఎడంచేతివాడా?” ఆ అమ్మాయి గొంతు కీచుమంది. “ఛఛ! ఆయనతో నేను రెండు ముక్కలు కూడా మాట్లాడలేదు. ఆయన కాదు నాన్నా, అవతలాయన. ఉంగరాల జుట్టాయన.”

పెద్దాయన మాలిష్ బల్ల మీద కూలబడ్డాడు. ఆయన మొహంలో తండ్రి కోపమూ, రిఫరీ ఊరటా ఒకదాని వెనక ఒకటి పరిగెత్తాయి. “వాడి ఆటలకి నేను ఒక్కసారి కూడా నిలబడలేదు,” అని గొణిగాడు. “సెమీఫైనల్‌కి ఏ మచ్చా లేదు. ఒక్క మాట చెప్పి తప్పుకుంటే సరిపోయేది.”

“అప్పుడు మళ్ళీ చీటీలు తీసేవాళ్ళు,” అంది ఆరా. “ఆఖరి నిమిషంలో మీరు మాయమైతేనే మీవాడు ఎక్కగలడు.” ఫోన్ తన దగ్గరికి తీసుకుంది. “అమ్మా, నేను డిటెక్టివ్‌ని. కంగారుపడకు, మీ నాన్నగారు క్షేమం. నువ్వు ఎవరిని పెళ్ళి చేసుకున్నావో మీ బాబాయికి తెలుసా?”

“తెలియకపోవడమేంటండీ! సాక్షి సంతకం పెట్టింది బాబాయే.”

టీవీలో రెండు దీపాలూ భగ్గుమన్నాయి. రిజర్వు రిఫరీ చెయ్యి తడుముకోకుండా ఆకుపచ్చ వైపు లేచింది. ఎడంచేతివాడు నమ్మలేనట్టు మాస్కు పైకెత్తి చూశాడు. పట్టీ పక్కకి అప్పుడే చేరిన గుండు కోచ్ నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. ఐదు–ఒకటి.

“ఈమధ్య మీ బాబాయ్ నీతో ఏమైనా అన్నాడామ్మా? ఏదైనా సరే.”

“ఏముందండీ... మా పెళ్ళికి చేతిలో ఏమీ పెట్టలేకపోయానని ఒకటే బాధపడుతుంటాడు. మాకేం వద్దు బాబాయ్ అన్నా వినడు. ఇవాళ పొద్దున ఫోన్ చేసి, ‘మీ ఆయనకి ఈ రాత్రి మంచి కానుక ఇస్తున్నానమ్మా. బంగారమే. మెళ్ళో వేసుకునేది,’ అన్నాడు. గొలుసేమో అనుకున్నాం.”

ఆరా ఫోన్ పెట్టేసింది. టీవీలో మళ్ళీ రెండు దీపాలు, మళ్ళీ ఆకుపచ్చ వైపు ఆ చెయ్యి. ఆరు–ఒకటి.

“మరదలా,” అన్నాడు బావ నెమ్మదిగా, ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ. “బంగారం... మెళ్ళో వేసుకునేది... అంటే పతకం...”

వెనక్కి తిరిగి చూస్తే మరదలు లేదు. చెప్పులు చేత్తో పట్టుకుని, అప్పటికే సగం మెట్లెక్కేసింది.